లక్క సీలు కింద గువ్వకన్ను

జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో మార్కండేయులు అటెండరు. పిల్లలకు ల్యాబు మార్కన్న, లెక్చరర్లకు ఉత్త మార్కండయ్య. పుట్టిన సిరిసిల్లలో మాత్రం అట్టల సత్యవ్వ కొడుకు. ఆ చివరి పేరంటేనే అతనికి ప్రాణం. మీది ఏ ఊరు అని ఎవరడిగినా ముందు అమ్మ పేరు చెప్పి, ఊరి పేరు తర్వాత చెప్పేవాడు.

అట్టల సత్యవ్వ సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే కొడుకు చేసిన పని అర్థం కాదు. చీర అంచు మీద పువ్వో పిట్టో రావాలంటే, ఎప్పుడు ఏ పోగు పైకి లేవాలో మగ్గానికి తెలియాలి. ఆ సంగతి చెప్పేవి అట్టలు. గట్టి అట్ట ముక్కలకు వరసగా రంధ్రాలు కొట్టి, దండలా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తారు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. ఈ అట్టలు కొట్టేవాళ్లు మామూలుగా ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుంటారు. సత్యవ్వకు కాగితమూ లేదు, పెన్సిలూ లేదు, చదువు అసలే రాదు. నోటితో చెప్పుకుంటూ కొట్టేది: "ఒకటి లేపు, రెండు ఇడువు, మూడు లేపు, ఒకటి ఇడువు." ఆమె సొంతంగా కట్టిన అంచు పేరు గువ్వకన్ను. మొత్తం ముప్పై రెండు అట్టలు, అట్టకు పదహారు చోట్లు. పక్కింటి పిల్లలు ఎక్కాలు నేర్చుకునే వయసులో మార్కండేయులుకు గువ్వకన్ను మొత్తం నోటికి వచ్చేసింది.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి. అంచుల చీరలు అడిగేవాళ్లు తగ్గారు. సత్యవ్వ అట్టలు అటక ఎక్కాయి, కొడుకు పదో తరగతి పాసై జగిత్యాల వచ్చి గాజు సీసాలు కడిగే పనిలో చేరాడు. పన్నెండేళ్లలో ఒక్క సీసా పగలగొట్టలేదని ల్యాబులో చెప్పుకునేవారు. ఒకటి పగిలింది, అయితే అది పిల్లి పని.

ఎనభై తొమ్మిదిలో ఆ కాలేజీకి లక్ష్మీరాజం అనే లెక్చరరు వచ్చాడు. బుగ్గారంలో కల్లు గీతకు తాళ్లెక్కే ఇంట్లో పుట్టి జీవరసాయనం చదివినవాడు. మంచి మనిషే గానీ ఎదుటివాడికి అర్థమైందా లేదా చూసుకోకుండా చెప్పుకుంటూ పోయే రకం. ఒకరోజు క్లాసులో ఆవలిస్తున్న పిల్లలకు ఇలా చెబుతున్నాడు.

"ఉప్పు విపరీతంగా ఉన్నచోట మాత్రమే బతికే ఒక సూక్ష్మజీవి ఉంది. దాని ఒంటి పొరలో ఊదా రంగు ప్రోటీను ఉంటుంది. వెలుగు తగిలితే ఆ ప్రోటీను మెలిక తిరిగి పసుపుకు మారుతుంది. ఊదాను సున్న అనుకోండి, పసుపును ఒకటి అనుకోండి. కంప్యూటరు దాచుకునే సమాచారమంతా ఈ సున్నలూ ఒకట్లే. అంటే ఈ ప్రోటీను పూసిన గాజు పలక మీద రేపు పుస్తకాలకు పుస్తకాలే దాచవచ్చు."

వెనక బల్ల తుడుస్తున్న మార్కండేయులు చేతిలో గుడ్డ ఆగింది. "సార్, ఊదా అంటే ఇడువు, పసుపు అంటే లేపు. గంతేనా?"

పిల్లలు నవ్వారు. లక్ష్మీరాజం నవ్వలేదు. ఆ లేపూ ఇడువూ ఏమిటో క్లాసయ్యాక అడిగి తెలుసుకున్నాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే పని మీద పడ్డారు.

ఆ పనిలో ఒక పెద్ద చిక్కుండేది. పుట్టుకతో వచ్చిన ప్రోటీను పసుపుగా రెప్పపాటు కూడా నిలవదు, వెంటనే ఊదాకు తిరిగొస్తుంది. చెప్పింది చెప్పినట్టే మరిచిపోయేదానికి ఏం అప్పగిస్తాం? ఈ ప్రోటీను రెండు వందల నలభై చిల్లర పూసలు గుచ్చిన దండ లాంటిది. హైదరాబాదులో ఒక ప్రొఫెసరు ఆ జీవి జన్యువులో చెయ్యి పెట్టి, దండలో ఒకే ఒక్క పూస మార్పించాడు. మారిన ప్రోటీను పసుపును పట్టుకుని కూర్చుంది. రెండు రోజులు కూర్చున్నట్టు వాళ్లు చూశారు. పది రోజులు కూర్చుంటుందా? అది ఎవరికీ తెలియదు. లక్ష్మీరాజం పీహెచ్‌డీ కోసం ఆ ప్రశ్ననే ఎత్తుకున్నాడు. ప్రొఫెసరు మాత్రం సూటిగా చెప్పేశాడు: "ముందు మామూలు జీవిని పెంచి చూపించు. అప్పుడు మార్చిన జీవిని ఇస్తాను. పలక మీద రాసి, పది రోజుల తర్వాత మా ముందు చదివించు. చదవగలిగితే పని సాగుతుంది, లేకపోతే ఇంతటితో ఆపేద్దాం."

జగిత్యాలకు సముద్రం ఎక్కడిది, ఉప్పు మడులు ఎక్కడివి? లక్ష్మీరాజం తల పట్టుకుని కూర్చుంటే మార్కండేయులు అతన్ని బస్సెక్కించి కోరుట్ల అంగడికి తీసుకెళ్లాడు. అక్కడ శంకరవ్వ ఉప్పు చేపలు అమ్ముతుంది. వానాకాలంలో కొన్ని చేపల మీద గులాబీ రంగు మచ్చలు లేస్తాయి. అవి ఎవరూ కొనరు, ఆమె పక్కన పడేస్తుంది. ఇద్దరు మగాళ్లు వచ్చి సరిగ్గా ఆ చేపలే కావాలనేసరికి శంకరవ్వకు ఒళ్లు మండింది.

"మంచియి ఇడిసిపెట్టి మురిగినయి ఏరుతున్నరు, మీకేమన్న నెత్తి తిరుగుతున్నదా? తిని కక్కుకుంటె నా పేరు చెప్తరు."

"తినుటానికి కాదక్కా, పెంచుటానికి" అన్నాడు మార్కండేయులు. అది విన్నాక ఆమెకు వాళ్ల మీద కోపం పోయి జాలి పుట్టింది. చేపలు ఊరికే ఇచ్చేసింది.

ఆ మచ్చల్లోనే ఉంది వాళ్లకు కావలసిన జీవి. ఉప్పు నీళ్ల సీసాల్లో, కిటికీ ఎండలో, ఏడాదిపాటు దాన్ని పెంచడం నేర్చుకున్నాడు మార్కండేయులు. నీళ్లు ఎప్పుడు మార్చాలో రంగు చూసి చెప్పేవాడు. కాలేజీకి సెలవులిచ్చినా అతనికి లేవు. తొంభై ఒకటి మొదట్లో హైదరాబాదు నుంచి మార్చిన జీవి చిన్న గొట్టంలో వచ్చింది. మార్చి నెలాఖరుకు ఊదా పొర పూసిన గాజు పలక తయారైంది, అరచేతిలో పట్టేంత.

ఇక దాని మీద రాయాలి. వెలుగు పడాల్సినచోట పడి, పడకూడనిచోట ఆగాలంటే రంధ్రాలున్న తెర కావాలి. లక్ష్మీరాజం నల్ల కాగితానికి సూదితో రంధ్రాలు పొడిచాడు. అవి వంకరటింకరగా వచ్చాయి. మార్కండేయులు రెండు రోజులు చూసి ఓపిక పట్టలేక సిరిసిల్ల వెళ్లి, అటక మీది గువ్వకన్ను అట్టలు దించుకొచ్చాడు.

"గీ రంధ్రాలు మా అవ్వ కొట్టింది సార్. వెంట్రుక వాసి అటిటు కావు."

రంధ్రాల నీడ చిన్నదై పలకలో పట్టేలా కాలేజీ ప్రొజెక్టరు కటకం బిగించి, ఆకుపచ్చ వెలుగు పెట్టి, చీకటి గదిలో ఒక్కో అట్టను ఒక్కో వరసగా ముప్పై రెండు వరసలూ పలక మీద రాశారు. అయిదు వందల పన్నెండు చోట్లలో లేపు, ఇడువు. అలా సత్యవ్వ గువ్వకన్ను ప్రోటీను మీదికి ఎక్కింది. పలకను నల్ల గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, మూతకు నల్ల టేపు వేశారు. సన్నని ఎర్ర వెలుగులో దాన్ని చదవవచ్చు. పగటి వెలుగు ఒక్కసారి తగిలిందా, అందులోని నీలం పసుపును వెనక్కు తిప్పేస్తుంది, రాసిందంతా చెరిగి మళ్లీ ఊదా పలకే మిగులుతుంది. చదివే ఏర్పాట్లు చూడడానికి లక్ష్మీరాజం ముందుగా హైదరాబాదు వెళ్లాడు. డబ్బా తెచ్చే పని మార్కండేయులుది.

అవి ఎలాంటి రోజులో ఆ జిల్లాలో బతికినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఒకరోజు నక్సలైటు అన్నల బంద్, మరోరోజు పోలీసుల సోదాలు. చేతిలో సంచి ఉన్న ప్రతివాడూ ఎవరో ఒకరికి జవాబు చెప్పుకోవాలి. సారంగాపూర్ వైపు ఏదో జరిగిందని ఆ వారం గాలింపు మరీ ఎక్కువగా ఉంది. సిరిసిల్ల మీదుగా పోయే బస్సును దారిలో ఆపారు. ఏ స్టేషనువాళ్లో చెప్పను, చెప్పి ఇప్పుడు ఒరిగేదీ లేదు. డబ్బాతో సహా మార్కండేయులును దించి స్టేషనుకు తీసుకెళ్లారు.

ఎస్సై బల్ల కిటికీ పక్కన ఉంది. బల్ల నిండా ఎండ. డబ్బా ఆ ఎండలో కూర్చుంది.

"ఏంరా, ఏమున్నదిరా గిండ్ల?"

"గాజు పలక సార్. కాలేజీ పని."

"గాజు పలకకు గింత నల్ల టేపు ఎందుకు?" అంటూ ఎస్సై గోటితో టేపు అంచు లేపసాగాడు.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మార్కండేయులు నోరు మూసుకుని నిలబడి ఉంటే చాలు. ఎస్సై డబ్బా తెరిచేవాడు, ఖాళీ గాజు ముక్క చూసేవాడు, రెండు బూతులు తిట్టి పొమ్మనేవాడు. మధ్యాహ్నానికల్లా సిరిసిల్లలో అమ్మ చేతి అన్నం తింటూ ఉండేవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే ఉండి, గోరు టేపు కిందికి దూరుతుండగా ఆ మాట అన్నాడు.

"తెరువకుండ్రి సార్. గిండ్ల సమాచారం రాసి ఉన్నది. వెలుగు తాకితె మొత్తం చెరిగిపోతది. మీకు సాక్ష్యం మిగలది."

ఎస్సై గోరు ఆగింది. గదిలో ఉన్న నలుగురు పోలీసులూ ఇటు తిరిగారు.

"ఎవలు రాసిన్రు?"

"నేనే రాసిన."

"ఎవలికి?"

"యూనివర్సిటీల ప్రొఫెసర్ సారుకు."

ఆ రోజుల్లో అన్నలతో సంబంధం అంటగట్టడానికి యూనివర్సిటీ అన్న మాట ఒక్కటి చాలు. ఆ తర్వాత కొంతసేపు ఏం జరిగిందో మార్కండేయులు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. వీపు చెప్పింది. ఏం రాశావని అడిగినప్పుడల్లా "చీర అంచు సార్" అన్నాడు. అది నిజం కావడమే అతని ఖర్మ. ఏ పోలీసు నమ్ముతాడు? అయినా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకే మాట పట్టుకున్నాడు: "అనుమానం ఉంటె సీల్ ఏసి హైదరాబాద్ పంపుండ్రి సార్. పెద్ద ల్యాబుల చీకట్ల చూస్తరు. ఈడ మాత్రం తెరువకుండ్రి."

చివరికి ఎస్సైకి ఆ మాటే నచ్చింది. చేతికి చిక్కిన రహస్యాన్ని తానే చెరిపేశాడని పైవాళ్లు అంటే? డబ్బాను తెరవకుండానే తెల్లగుడ్డలో కుట్టించాడు. మొగిలి అనే కానిస్టేబుల్ కొవ్వొత్తి వెలిగించి, కుట్టుకుట్టుకూ లక్క కరిగించి పోశాడు. ఎస్సై స్టేషను ముద్ర కొట్టాడు. ఇద్దరు సాక్షులను పిలిచి పంచనామా రాయించాడు: ఏప్రిల్ నాలుగో తేదీ, తెరవని నల్ల డబ్బా ఒకటి, లోపల రహస్య సమాచారం ఉన్నట్టు పట్టుబడిన వ్యక్తే ఒప్పుకున్నాడు. మార్కండేయులు సంతకం చేసి, లక్క ముద్రలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఏడు ఉన్నాయి. ఎక్కడా సందు లేదు.

డబ్బాను సామాన్ల గదిలో పెట్టడానికి వెళ్తూ మొగిలి గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగ ఏమున్నదే అండ్ల?"

"మా అవ్వ అంచు ఉన్నదన్నా. నీకు పుణ్యముంటది, ఎండ సోకని మూలకు పెట్టు. వేడికి గూడ మరిచిపోతదేమో."

మొగిలికి ఏం అర్థమైందో దేవుడికెరుక. డబ్బాను రేకుల కప్పుకు దూరంగా, నేల మీద, నీళ్ల కుండ పక్కన పెట్టాడు. డబ్బా అక్కడున్నన్నాళ్లూ రోజూ ఒకసారి వెళ్లి చేత్తో తాకి చూసేవాడట.

తొమ్మిది రోజుల తర్వాత, లక్ష్మీరాజమూ ప్రిన్సిపాలూ కాగితాలు పట్టుకుని తిరగగా తిరగగా, మార్కండేయులును వదిలారు. డబ్బాను వదలలేదు. అది కేసు సామాను అయిపోయింది. పది రోజుల గడువు దాటింది. లక్ష్మీరాజం ఆశ వదులుకున్నాడు. "పోనీలే మార్కండయ్యా, నువ్వు ప్రాణాలతో బయటపడ్డావు, అదే చాలు" అన్నాడు.

"డబ్బా తెరువలేదు గద సార్. తెరువనంతసేపు పోయినట్టెట్ల?" అన్నాడు మార్కండేయులు. వారానికోసారి స్టేషనులో సంతకం పెట్టి రావాలన్నారు. సంతకం పెట్టి, మొగిలి వైపు చూసేవాడు. మొగిలి తల ఊపేవాడు. ఏడు ముద్రలూ ఉన్నాయని దాని అర్థం.

మే పదిహేనున కోర్టు కాగితంతో డబ్బా చేతికొచ్చింది. ముద్రలు విప్పి తీసుకొమ్మన్నాడు ఎస్సై. ఇట్లనే తీసుకపోత సార్, పంచనామా నకలు ఒకటి ఇప్పించుండ్రి అన్నాడు మార్కండేయులు. మర్నాడు హైదరాబాదు బస్సును రెండుచోట్ల ఆపారు. రెండుచోట్లా పోలీసులు డబ్బా మీది తమ శాఖ ముద్రలు చూసి, ముట్టుకోకుండా దాటిపోయారు.

యూనివర్సిటీ చీకటి గదిలో ప్రొఫెసరు, అతని తోటివాళ్లు ఇద్దరు, లక్ష్మీరాజం నిలబడ్డారు. మార్కండేయులు లక్క పగలగొట్టి, కుట్లు విప్పి, నల్ల గుడ్డ తీసి పలకను గూట్లో నిలబెట్టాడు. వెనకనుంచి సన్నని ఎర్ర దీపం వెలిగించారు. పసుపు ఉన్నచోట ఎర్ర వెలుగు దాటి తెర మీద చుక్క పడాలి, ఊదా ఉన్నచోట ఆగిపోవాలి.

ముందు ఏమీ కనిపించలేదు. కళ్లు చీకటికి అలవాటు పడుతున్నకొద్దీ తెర మీద ఒక చుక్క, పక్కన మరో చుక్క, ఆ తర్వాత ఒక వరస. ప్రొఫెసరు చదవడం మొదలుపెట్టాడు. "ఒకటి. సున్న, సున్న. ఒకటి, ఒకటి, ఒకటి. సున్న..."

చదువుతూ చదువుతూ అతను ఆగాడు. పక్కన ఎవరో తనకంటే ముందే చెబుతున్నారు.

"ఒకటి లేపు, రెండు ఇడువు, మూడు లేపు, ఒకటి ఇడువు..." మార్కండేయులు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, తల్లి గొంతులోని లయతోనే అంటున్నాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయని చీకటిలో ఎవరికీ తెలియలేదు. ముప్పై రెండు వరసలూ అతను నోటితో చెప్పాడు, వాళ్లు తెర మీద సరిచూసుకున్నారు. అయిదు వందల పన్నెండులో ఏడు చుక్కలు మాసిపోయాయి. అయిదు వందల అయిదు నిలిచాయి.

దీపాలు వేశాక, తోటి ప్రొఫెసరు ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది. కానీ ఇది నిన్న రాత్రి రాసుకొచ్చింది కాదని మాకేమిటి నమ్మకం?"

లక్ష్మీరాజం ముఖం మాడిపోయింది. మార్కండేయులు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచి, దాని పక్కన ముక్కలైన లక్కను, ముద్రలున్న తెల్లగుడ్డను పెట్టాడు. ప్రొఫెసరు పంచనామా మొత్తం చదివాడు. తేదీ చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏప్రిల్ నాలుగు నుంచి మే పదహారు, నలభై రెండు రోజులు.

"మేము పది రోజులు అడిగాం" అన్నాడు చివరికి. "పైగా ఇంత కట్టుదిట్టంగా కాపలా పెట్టడం మావల్ల కాదు." ఆ తర్వాత మార్కండేయులుకు తన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇంకా మానని వీపు ఆనించలేనని చెప్పలేక అతను నిలబడే ఉన్నాడు.

లక్ష్మీరాజానికి పీహెచ్‌డీ వచ్చింది. ఈ ప్రోటీను పలకలు మన ఫోన్లలోకి ఎక్కాయా అని అడిగేవాళ్లకు ఇప్పుడే చెబుతున్నాను, ఎక్కలేదు. అంతకంటే చవకగా, గట్టిగా దాచుకునేవి వచ్చాయి. లోకం అటు పోయింది. మార్కండేయులు రిటైరయ్యేదాకా సీసాలే కడిగాడు. దాని గురించి అతను ఎన్నడూ మూతి ముడుచుకోలేదు. ఈ కథలో ఎవరు గొప్పవారంటే, పట్టాలు పుచ్చుకున్నవాళ్లంతా అటు జరగండి అనాలనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి తిరిగొస్తూ అతను సిరిసిల్లలో దిగాడు. పోలీసులు వదిలాక అమ్మకు కనబడడం అదే మొదలు. సత్యవ్వ కొడుకు చొక్కా విప్పించి చూసింది. నువ్వుల నూనె వేడిచేసి తెచ్చి, వీపుకు రాయడం మొదలుపెట్టింది. జరిగిందంతా అతను చెబుతూ పోయాడు. డబ్బా తెరవనివ్వకుండా ఆపిన చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"నా అంచు కోసం గిన్ని దెబ్బలు తిన్నవా కొడుకా? గది నాకు నోటికి ఉన్నది గదరా. పోతె పోయింది, మల్ల చెప్పకపోదునా?"

"నీకు నోటికి ఉన్నది అవ్వా. నాకూ ఉన్నది. దానికి ఉంటదా లేదా అన్నదే చూసుడు."

చేపల మీద పుట్టిన పురుగు, ఒక్క పూస మార్చిన ప్రోటీను, నలభై రెండు రోజుల చీకటి, వీటిలో సత్యవ్వకు ఎంత అర్థమైందో తెలియదు. అర్థమైన ముక్క మాత్రం గట్టిగానే అడిగింది.

"అది తప్పులు ఎన్ని పోయింది?"

"ఏడు."

"నువ్వు మొదటిసారి చెప్పిననాడు పదకొండు పోయినవ్" అంది సత్యవ్వ. నూనె చేతితో మళ్లీ వీపు మీద రాస్తూ, ఏ ఏడు చోట్ల మాసిందో చెప్పమని అడిగి, ఆ వరసలు ఒక్కొక్కటే చెప్పసాగింది.